నువ్వుగింజంత మాట

1990 ఫిబ్రవరి 10, శనివారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. సిడ్నీ పక్కన పారమట్టాలో ఒక చర్చి వెనక ఉన్న చిన్న హాల్లో, ఆ గంటకి, మా సోదర బృందం మొదటి నాయకత్వ శిక్షణ తరగతి మొదలైంది. తొమ్మిదిన్నరకి మొదలు కావలసింది. తాళంచెవి తెచ్చే పెద్దమనిషికి రైలు తప్పిపోయింది. ఆ పది నిమిషాల ఆలస్యాన్నీ దాని కారణాన్నీ మినిట్స్ పుస్తకంలో ఆ రోజు పేజీ మొదట్లోనే రాశాను. రాసినదాన్ని ఈ రోజు మళ్లీ తీసి చదివాను. దస్తూరి బాగుంది. అప్పటికి నా చెయ్యి వణికేది కాదు.

బృందం గురించి ముందు చెప్పాలి. కోస్తాలో మేము చదువుకున్న కాలేజీ హాస్టళ్లలో 1951కి ముందే ఒక సోదర బృందం ఉండేది. చేరినవాళ్లు చదువు అయిపోయినా సభ్యులుగానే ఉండిపోతారు. సిడ్నీ వచ్చాక మేము పదకొండు మందిమి ఒకరినొకరు వెతుక్కుని ఇక్కడా దాన్ని నిలబెట్టాం. కోస్తా నుంచి కొత్త పిల్లలు ఎక్కువమంది రారు కాబట్టి, ఇక్కడి యూనివర్సిటీల్లో చదివే తెలుగు విద్యార్థులు ఎవరైనా చేరవచ్చని నియమం మార్చుకున్నాం. 1990 నాటికి చదువుకునేవాళ్లు ఇరవై ముగ్గురు, చదువు ముగించిన పాతవాళ్లం పద్దెనిమిది మందిమి. నేను కార్యదర్శిని. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో రోగుల ఫైళ్లు చూసే ఉద్యోగం నాది. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప నాకు వేరే విద్య రాదు.

బృందంలో ఒక ఆచారం ఉండేది. సభ్యుడు ఎంత చిన్నవాడైనా సరే, అతన్ని ‘మీరు’ అనాలి, పేరు చివర ‘గారు’ చేర్చాలి. బయటివాళ్లకి ఇది నవ్వులాటగా ఉండేది. మాకు కాదు. మాలో చాలామంది తండ్రుల్ని వాళ్ల ఊళ్లో పాలు తాగే పిల్లలు కూడా ‘ఒరేయ్’ అనేవాళ్లు. మా నాన్న అరవై రెండేళ్లు బతికి, ఒక్కసారి కూడా ‘మీరు’ అనిపించుకోకుండా పోయాడు. 1951 జూన్‌లో నేను హాస్టల్లో అడుగుపెట్టిన రోజున, నాకన్నా మూడేళ్లు పెద్దదైన ఒక అమ్మాయి, “మీ పెట్టె ఇలా ఇవ్వండి,” అంది. వెనక్కి తిరిగి చూశాను, ఎవరితో అంటోందా అని.

నన్ను పెళ్లి చేసుకున్నాయనా బృందంవాడే. 1983లో ఆయన పోయే రోజు వరకూ నన్ను ‘మీరు’ అనే పిలిచాడు.

శిక్షణ సంగతికి వస్తాను. బృందం ముసలిదైపోతోందని, సభ నడపడం, పదిమంది మాట వినడం, గొడవ సర్దడం కుర్రవాళ్లకి నేర్పాలని అనుకున్నాం. ఎనిమిది శనివారాలు. నేర్పడానికి మాలోనే ఒకాయన ఒప్పుకున్నారు. ఆయన ఇండియాలో లెక్చరరు, ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. అందరం మాస్టారూ అనేవాళ్లం. అధ్యక్షుడు ఒక డాక్టరుగారు. శిక్షణలో అందరికన్నా బాగా నెగ్గినవాళ్లు ఆ ఏడాదికి విద్యార్థుల కన్వీనర్. ఈస్టర్ తరవాత జరిగే వార్షిక సభలో కన్వీనర్ తల్లిదండ్రుల్ని పిలిచి మొదటి వరసలో కూర్చోబెడతాం. ఏడుగురు చేరారు. నాది రెండు పనులు: స్టాప్‌వాచ్ పట్టుకోవడం, జరిగింది రాయడం.

ఆ ఏడుగురిలో ఒకమ్మాయి ఫిజీ నుంచి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు, టీచరు కోర్సు. 1987లో అక్కడ ప్రభుత్వాన్ని సైన్యం పడగొట్టాక తల్లిదండ్రులతో వచ్చేసింది. ముత్తాత చెరుకు కోయడానికి గిర్మిట్ అనే కూలి ఒప్పందం రాసుకుని ఓడెక్కిన మనిషి. ఆమె తెలుగు నూరేళ్ల కిందట ఆ ఓడలో ఎక్కిన తెలుగు. ఇంగ్లీషు మాత్రం అచ్చంగా ఇక్కడిది. ఆమె వెనకే ఫిజీ తెలుగు ఇళ్లు తొమ్మిది మా సభలకి రావడం మొదలుపెట్టాయి. వచ్చి వెనక వరసల్లో కూర్చునేవాళ్లు. ఎవరూ కూర్చోమనలేదు, ముందుకి రమ్మనీ అనలేదు.

మొదటి అయిదు తరగతులు ఇంగ్లీషులోనే నడిచాయి. ఆ అమ్మాయికి తిరుగు లేదు. ఎవరు మాట్లాడలేకపోతున్నారో కనిపెట్టి వాళ్లనే ముందు అడిగేది. మాస్టారు నా చెవిలో, “ఈవిడకి మనం నేర్పేదేముందండీ, టీ పెట్టడం తప్ప,” అన్నారు. అదీ రాశాను.

మార్చి 10, అయిదో తరగతి. ఆ రోజు రైలు పట్టాల పని ఉందని రైళ్లు నడవలేదు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్తూ ఆమెను గంట ముందే, ఎనిమిదిన్నరకి దింపాడు. మొదటి రోజు తరవాత తాళంచెవి నా దగ్గరే ఉంటోంది కాబట్టి నేను ఎప్పుడూ గంట ముందే వస్తాను. కారు దగ్గరికి వెళ్లి, “లోపలికి రండి, టీ తాగి వెళ్దురు గాని,” అన్నాను. ఆయన స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యకుండా తల అడ్డంగా ఊపాడు.

ఇద్దరం కుర్చీలు వేస్తూ ఉన్నాం. “మా నాన్న దిగడు ఆంటీ. అక్కడ మా సంగానికి ఆయనే పెద్ద. పెళ్లైనా సావైనా ముందు కుర్చీ ఆయనదే. ఇక్కడ ఎనకాల కూకోడం నచ్చదు. సో హీ జస్ట్ సిట్స్ ఇన్ ద కార్.”

“నువ్వు కన్వీనర్ అయితే ఆయన ముందు వరసలో కూర్చోవచ్చుగా,” అన్నాను. బృందం సభ్యురాలిని ‘నువ్వు’ అన్నాను. నియమం తెలిసి తప్పింది నేనే ముందు. ఆ మాట మాత్రం మినిట్స్‌లో లేదు. తరగతి ఇంకా మొదలు కాలేదు కదా.

“దట్స్ ద ఓన్లీ రీజన్ ఐ కేమ్, ఆంటీ. నీకు సెప్తున్నాను, ఎవరికీ సెప్పకు.”

అప్పుడు గమనించాను, ఆమె నన్ను మొదటి రోజు నుంచీ ‘నువ్వు’ అనే అంటోందని. ఎందుకలా అంటావని అడిగాను. “తప్పా?” అంది. “మా అవ్వ సెప్పేది, ఓడెక్కినాక ఎక్కువోడు లేడు, తక్కువోడు లేడు, అందరూ నువ్వే అని.” అంతే చెప్పి ఇంకో కుర్చీ తెరిచింది.

ఆ పూట చెప్పవలసింది: ‘ఇక్కడ అలా అనకూడదమ్మా, మీరు అనాలి.’ అరనిమిషం పట్టేది. చెప్పలేదు. 1979లో మా అమ్మ పోయాక నన్ను నువ్వు అన్న మనిషి లేదు. చెవికి బాగుంది. నా చెవి సుఖానికి ఊరుకున్నాను.

మార్చి 17, ఆరో తరగతి. సభ తెలుగులో నడపాలని మాస్టారు పెట్టిన పరీక్ష. పిక్నిక్‌కి నది దగ్గరికా, సముద్రం దగ్గరికా అన్నది చర్చ. మాస్టారే మొండి సభ్యుడి వేషం వేశారు. ఎవరికైనా మూడు నిమిషాలే సమయం. ఆయన ఆపరు. ఆపించడమే పరీక్ష. డాక్టరుగారు చూడటానికి వచ్చారు. ఆయనే ప్రార్థన చేసి మొదలుపెట్టారు.

మొదటి అబ్బాయి మాస్టారిని పదకొండు నిమిషాలు మాట్లాడనిచ్చాడు. “మాస్టారూ, ప్లీజ్ అండీ, దయచేసి అండీ,” అని బతిమాలుతూనే ఉన్నాడు. రెండో అతను తొమ్మిది. మూడో అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. వెనక నుంచి ఎవరో, “మాస్టారూ, బయట బార్బీ పొయ్యి మీద సాసేజీలు మాడిపోతున్నాయి, నదికైనా సముద్రానికైనా ఒప్పేసుకోండి!” అని అరిచారు. అందరిలో తక్కువ ఒకబ్బాయిది, నాలుగు నిమిషాలు. మాస్టారు విజయగర్వంతో నీళ్లు తాగుతున్నారు.

ఏడోది ఫిజీ అమ్మాయి. మాస్టారు సముద్రం మీద ఎత్తుకున్నారు: ఉప్పు, గాలి, ఆరోగ్యం. సరిగ్గా మూడు నిమిషాలకి ఆమె బల్ల మీద అరచెయ్యి వేసింది. చప్పుడు లేదు.

“తాతా, నీ టైమైపోనాది. నువ్వు కూకో. ఇప్పుడు ఆయమ్మ మాట్లాడతాది.”

మాస్టారు కూర్చున్నారు. వెంటనే, అనుకోకుండా, నిజంగా కూర్చున్నారు. పిల్లలు పగలబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. మాస్టారూ నవ్వారు. స్టాప్‌వాచ్‌లో మూడు నిమిషాల నాలుగు సెకన్లు.

డాక్టరుగారు లేచారు. “ఏమిటమ్మా అది? ఈ బృందంలో ఎవరినీ ఏకవచనంతో పిలవం.”

ఆమెకి ఏకవచనం అన్న మాట తెలియదు. పక్కవాళ్ల వైపు చూసింది. “వాట్ డిడ్ ఐ డూ?”

“యూ సెడ్ నువ్వు,” అన్నాడు నాలుగు నిమిషాల అబ్బాయి. “మీరు అనాలి. రెస్పెక్ట్.”

“మీరు అంటే మా ఇంట్లో శానామంది. తాత ఒక్కడే కదా!”

మళ్లీ నవ్వులు. డాక్టరుగారు నవ్వలేదు. ఆ నవ్వు తన మీదే అనుకున్నారని ఇప్పుడు అనిపిస్తుంది. “అది మర్యాద కాదు. నేర్చుకోవాలి,” అన్నారు.

ఆమె ముఖం ఎర్రబడింది. “మర్యాద లేక అనలేదు. పొద్దున నువ్వు ప్రేయర్ చేసినావు కదా, ప్రభువా నీవు, నీవు అని. దేవుడినే నువ్వంటావు. ఆయనకి కోపం రాలేదా?”

సమయం పదకొండు ఇరవై ఆరు. ప్రతి మాటా రాశాను. ‘కూకో’ని ‘కూర్చో’ అని కూడా దిద్దలేదు.

వారం తరవాత, మార్చి 24న, తరగతి అయ్యాక కమిటీ కూర్చుంది. అయిదుగురు సభ్యులు. కార్యదర్శికి ఓటు లేదు. మినిట్స్ చదివాను. నేను చదువుతుంటే ఆ మాటలు ఆమె నోట విన్నట్టు లేవు. హాల్లో అన్నప్పుడు నవ్వొచ్చిన మాట, కాగితం మీద బండరాయిలా ఉంది.

మాస్టారు, “నువ్వుగింజంత మాట పట్టుకుని ఇంత నూనె పిండుతున్నామేమిటండీ? ఏడుగురిలో నన్ను కూర్చోబెట్టింది ఆవిడొక్కరే,” అన్నారు.

డాక్టరుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత అన్నారు: “మా నాన్నకి యాభై ఏళ్లప్పుడు, కరణంగారి మనవడు, ఆరేళ్లవాడు, ‘నువ్వు పక్కకి కూకో’ అన్నాడు మాస్టారూ. ఇంచుమించు ఇవే మాటలు. నేను పక్కనే ఉన్నాను. ఆ అమ్మాయికి అది తెలియదు, తెలుసు నాకు. కానీ వార్షిక సభలో ఈ మినిట్స్ పైకి చదవాలి. మనవాళ్లు నలభై మంది వింటారు. విన్నాక ఆమెను కన్వీనర్‌గా నిలబెట్టడం నావల్ల కాదు.” నా వైపు తిరిగారు. “మీరొక పని చెయ్యండి. ‘వక్తను కూర్చోమని కోరినది’ అని రాయండి. దేవుడి మాట తీసెయ్యండి. ఆ అమ్మాయి వచ్చే వారం ఒక్క సారీ చెబితే, కన్వీనర్ ఆమే.”

అంటే ఆయన తలుపు తెరిచారు. తెరిచింది ఆయనే. మూసింది నేను.

“జరిగింది రాశానండి. మార్చను,” అన్నాను.

“రెండు వాక్యాలండీ,” అన్నారు మాస్టారు.

“ఆసుపత్రిలో ఒక అంకె మారిస్తే ఉద్యోగం పోతుంది మాస్టారూ. ఈ పుస్తకంలో ఆరేళ్లుగా ఒక్క దిద్దుబాటు లేదు.”

అది నిజం. ఆ నిజం చెబుతున్నప్పుడు నాకు గర్వంగా ఉంది. అదీ నిజమే, రాయాలి. ఆమెకి కన్వీనర్ పదవీ బ్యాడ్జీ ఇవ్వకూడదని ఓటు వేశారు. నాలుగు, ఒకటి. ఆ ఒకటీ మాస్టారిది.

మార్చి 31, ఆఖరి తరగతి. ఎవరు చెప్పారో, ఆమెకి అంతా తెలిసింది. ఎనిమిది నలభైకి వచ్చింది. నేను వంటగదిలో కప్పులు కడుగుతున్నాను. తువ్వాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

“ఆంటీ, నువ్వు రెండు లైన్లు మార్చితే సాలంట కదా.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో. డజంట్ మ్యాటర్. నేను సారీ సెప్తాను ఆంటీ. నాకు కోపం లేదు. ప్రాక్టీస్ కూడా చేసినాను, సూడు.” కప్పు పక్కన పెట్టి నిటారుగా నిలబడింది. “మాస్టారూ, మీ సమయం అయిపోయింది. మీరు దయచేసి కూర్చోండి.” ఒక్క అక్షరం తప్పు లేదు. “సీ? వారం అంతా మా అమ్మని కూకోబెట్టి ఇదే. మా నాన్న సూటు కొనుక్కున్నాడు. ప్లీజ్ ఆంటీ.”

నా చేతులకి సబ్బు నురగ ఉంది. ఆ చేతుల వైపే చూస్తూ, “రాసింది రాశానమ్మా,” అన్నాను.

ఆమె మిగిలిన కప్పులు కూడా తుడిచింది. పధ్నాలుగు కప్పులు. తువ్వాలు మడత పెట్టింది.

“సరే ఆంటీ. మీరు చెప్పినట్టే.”

నన్ను మీరు అంది. నేర్చుకున్న మర్యాద మొట్టమొదట నాకే ఇచ్చింది.

ఆ రోజు ఆరుగురికి బ్యాడ్జీలు ఇచ్చారు. ఏడు చేయించాం. నాలుగు నిమిషాల అబ్బాయి కన్వీనర్ అయ్యాడు. మంచివాడే. బ్యాడ్జీ పెట్టుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఫిజీ అమ్మాయి చప్పట్లు కొట్టి, టీ తాగకుండా వెళ్లింది. పన్నెండు గంటల అయిదు నిమిషాలు.

ఏప్రిల్ 13, మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే. ఆరాధనలో చదువుతున్నది ప్రతి ఏడూ వింటున్నదే. శిలువ మీద పెట్టిన పలక మీది రాతని మార్చమని ప్రధాన యాజకులు అడిగితే, ప్రభువుని శిలువకి అప్పగించి చేతులు కడుక్కున్న ఆ అధికారి, ‘నేను వ్రాసినదేమో వ్రాసితిని’ అన్నది చదివారు. యాభై ఏళ్లుగా ఆ మాట ఆయనదే అనుకున్నాను. బెంచీ మీద కదలకుండా కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అప్పటికింకా వార్షిక సభకి ఎనిమిది రోజులు ఉన్నాయి. డాక్టరుగారికి ఫోన్ చెయ్యవచ్చు. పుస్తకం నా ఇంట్లోనే ఉంది. పెన్ను కూడా. చెయ్యలేదు. ఇరవై ఏడు రోజుల తరవాత దిద్దితే దిద్దుబాటు పక్కన కారణం రాయాలి. ఏమి కారణం రాయాలో తెలియలేదు.

ఏప్రిల్ 21, శనివారం. వార్షిక సభ మధ్యాహ్నం రెండింటికి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో జాబితా నా చేతిలో ఉంది. ఒంటిగంట యాభైకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ముదురు నీలం సూటు, కొత్తది, చేతులు కొంచెం పొడుగు. కారులో నుంచి దిగనాయన. కూతురు రాలేదు. ఆమె ఆయనకి చెప్పలేదని నాకు అర్థమయ్యేసరికి, ఆయన మధ్య దారిలో నడిచి మొదటి వరస దాకా వెళ్లి, రెండో కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. అది కొత్త కన్వీనర్ తండ్రి కుర్చీ.

నేను వెళ్లాను. “క్షమించండి. మీ సీటు ఇక్కడ కాదండి. మీరు దయచేసి వెనక కూర్చోండి,” అన్నాను. మీరు, అండి, దయచేసి, ఏదీ తప్పలేదు.

ఆయన కుర్చీ మీద నుంచి చెయ్యి తీశాడు. నా చేతిలో జాబితా వైపు చూశాడు. కోపం లేదు.

“సరేనమ్మా. నువ్వు సెప్పినట్టే,” అన్నాడు.

వెనక వరసలో కూర్చోలేదు. తలుపు దాటి వెళ్లిపోయాడు. ఆ తొమ్మిది ఇళ్లవాళ్లు వెనక వరసల్లో ఉన్నారు. ఒకరి తరవాత ఒకరు లేచారు. మినిట్స్ చదవడానికి నేను నిలబడేసరికి, చివరి మూడు వరసలు ఖాళీ.

ఇప్పుడు నాకు ఎనభై తొమ్మిది. శిక్షణ తరగతులు 1992 వరకు నడిచి ఆగిపోయాయి. మాస్టారు రెండో ఏడు నేర్పనన్నారు. బృందం 1994లో మూతపడింది. పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో ఇప్పటికీ దిద్దుబాటు లేదు.

పోయినవి: కన్వీనర్ ఒకరు. మాస్టారు ఒకరు. ఇళ్లు తొమ్మిది, మనుషులు ముప్పై నాలుగు. మొదటి వరసలో కుర్చీ ఒకటి. నా బీరువాలో మిగిలిపోయిన బ్యాడ్జీ ఒకటి. నన్ను నువ్వు అనే మనుషులు, ఇద్దరు.